సామాన్య డిజిటల్ కెమెరా – వాడుకలో తెలిసికొనవలసిన మెలకువలు

ఉర్దూలో గదిని ‘కమ్రా’ అందురు. చిత్రములు తీయు యంత్రమును ‘కెమెరా’ అందురు. ఈ రెండు మాటలకును మూలము ఒక్కటే. లాటిన్ భాషలో ‘కెమెరా’ అనగా గది. ఆ మాట పోర్చుగీసువారి నోట మన దేశమునకు వచ్చి ‘కమ్రా’ అయినది. ఐరోపా శాస్త్రజ్ఞుల గ్రంథములలో అదియే ‘చీకటి గది’ అను ప్రయోగములో నిలిచి, తుదకు యంత్రమునకు పేరైనది. కనుక మన కళాశాల విద్యార్థులకు కెమెరా అనునది పరాయి వస్తువు కాదు. అది మనము దినదినము పలుకు మాటకు తోబుట్టువు.

చీకటి గదికి ఒక చిన్న రంధ్రము చేసినచో బయటి దృశ్యము తలక్రిందులై లోపలి గోడపై పడునను సంగతి చాల పురాతనమైనది. దానిని ప్రయోగపూర్వకముగా పరిశీలించి వివరించిన వారిలో అగ్రగణ్యుడు ఇబ్న్ అల్ హైసమ్. ఈయన సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో చిరకాలము నివసించి, ‘కితాబుల్ మనాజిర్’ అను కాంతిశాస్త్ర గ్రంథమును రచించెను. గోడపై పడిన ఆ నీడచిత్రమును చెరిగిపోకుండ నిలుపు విద్య మాత్రము 1839లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. అటుపిమ్మట అర్ధశతాబ్దమైనను గడువకముందే హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలపై అద్భుతమైన చిత్రములను తీయుచుండెను. నిజాము ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదము నొసగెను. నాటి హైదరాబాదు ఎట్లుండెనో నేడు మనము చూడగలుగుచున్నామన్నచో అది ఆ గాజు పలకల పుణ్యమే.

గాజు పలక పోయి ఫిల్ము వచ్చినది. ఫిల్ము కూడ ఇంచుమించు వాడుక తప్పి డిజిటల్ కెమెరా వచ్చినది. 1975లో అమెరికాలోని కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు నిర్మించిన మొదటి డిజిటల్ కెమెరా సుమారు మూడున్నర కిలోల బరువుండెను. ఒక్క చిత్రమును క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిది. ఆ చిత్రములో ఉండిన బిందువులు కేవలము పదివేలు. నేడు జేబులో ఇమిడిపోవు సామాన్యమైన కెమెరాలో కోటికి మించిన బిందువులు కలవు. మన చేతిలోని సెల్ ఫోను కూడ ఒక చిన్న డిజిటల్ కెమెరాయే. కావున ఈ వ్యాసములో చెప్పబోవు సంగతులు చాలవరకు దానికిని వర్తించును.

యంత్రము ఇంత సులభమైన పిదప నేర్చుకొనుటకేమున్నది, మీట నొక్కిన చాలదా అని కొందరు విద్యార్థులు అడుగవచ్చును. చాలదని నేను స్వానుభవముచే తెలిసికొంటిని. ఆ అనుభవమును మొదట చెప్పి, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

ఒక నోటుపుస్తకము కథ

మేము ‘నానా’ అని పిలుచుచుండిన మా మాతామహులకు ఒక చిన్న నోటుపుస్తకము ఉండెడిది. ఇల్లు కట్టుకొన్న రోజులలో తాము ఎవరెవరివద్ద ఎంతెంత చేబదులు తీసికొన్నదియు ఆయన అందులో ఉర్దూలో వ్రాసికొనిరి. తీర్చిన అప్పునకు ఎదురుగా ఒక గీత గీయుట ఆయన అలవాటు. మరణమునకు ముందు మా మామూజాన్‌ను పిలిచి, “గీత లేని పేర్లు చూసుకో బేటా. వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలకైనా ఇచ్చెయ్యి” అని చెప్పిరట. మామూజాన్ ఒక్కొక్కరిని వెదకి ఇచ్చుచు వచ్చిరి.

2005వ సంవత్సరమున నేను క్రొత్తగా ఒక డిజిటల్ కెమెరా కొని, ఆ పుస్తకమును చిత్రములుగా తీసి ఉంచెదనని మామూజాన్‌కు చెప్పితిని. ఒక రాత్రి ట్యూబులైటు క్రింద, పుస్తకమును ఒడిలో పెట్టుకొని, నలుబది పుటలను అరగంటలో తీసివేసితిని. కార్డులో చోటు చాలదని చిత్రముల పరిమాణమును మిక్కిలి చిన్నదిగా మార్చితిని. వెలుతురు చాలదని ఫ్లాష్ వేసితిని. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై అన్నియు చక్కగా కనబడినవి. “అన్నీ వచ్చాయి మామూజాన్” అని చెప్పి పుస్తకము తిరిగి ఇచ్చివేసితిని.

రెండు వర్షాకాలములు గడచిన పిదప మామూజాన్ ఇంటి పైకప్పు కురిసి, గూటిలోని కాగితములతోపాటు ఆ పుస్తకమును తడిసి ముద్దయైనది. అప్పుడు నా చిత్రములను కంప్యూటరులో తెరచి చూచితిమి. ప్రతి పుటకును నడుమ ఫ్లాష్ వెలుగు తెల్లని మచ్చయై పడియున్నది. అక్షరముల రేఖలు తెలియుచున్నవి గాని వాటి చుక్కలు కలిసిపోయినవి. గీత లేని పేర్లలో ఒకటి ఇప్పటికిని మాకు తెలియలేదు. పేరులోని మొదటి మాటను తెల్లని మచ్చ మ్రింగినది. చివరి మాట ‘జాన్’ కావచ్చును, ‘ఖాన్’ కావచ్చును. ఉర్దూలో ఈ రెండు మాటల రూపమొక్కటే. చుక్క అక్షరమునకు దిగువ నున్నచో జాన్, ఎగువ నున్నచో ఖాన్. అప్పిచ్చినది పురుషుడో స్త్రీయో కూడ మేము చెప్పలేము. మొత్తము మాత్రము స్పష్టముగా కనబడుచున్నది: 85 రూపాయలు.

ఆ పుస్తకము మరల రాదు. నేను చేసిన తప్పులు మూడు నాలుగు మాత్రమే. అవి ఏ పాఠశాల విద్యార్థియైనను ఒక్క గంటలో నేర్చి మానుకొనదగినవి. ఈ వ్యాసము అందులకే వ్రాయుచున్నాను.

కెమెరా లోపల జరుగునది

ముందు భాగమున కటకము, దాని వెనుక కాంతిని గ్రహించు ఒక చిన్న పలక కలవు. ఈ పలకను సెన్సరు అందురు. కాంతిని విద్యుత్తుగా మార్చి బిందువుల వరుసగా చదువు ఇట్టి పలకలలో ఒకదానిని 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు రూపొందించిరి. వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

సెన్సరుపై లక్షల కొలది సూక్ష్మమైన గళ్ళు ఉండును. ఒక్కొక్క గడి తనపై పడిన కాంతి ఎంతయో కొలుచును గాని అది ఏ రంగో ఎరుగదు. అందుచేత గళ్ళపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల జల్లెడలను అమర్తురు. అందులో సగము ఆకుపచ్చ, పాతిక ఎరుపు, పాతిక నీలము. మన కంటికి ఆకుపచ్చ కాంతిలో సూక్ష్మభేదములు ఎక్కువ తెలియుటయే ఇందుకు కారణము. కోడక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో ఈ అమరికకు పేటెంటు పొందెను. గళ్ళు కొలిచిన అంకెలను కెమెరాలోని చిన్న గణకయంత్రము చిత్రముగా కూర్చి మెమొరీ కార్డులో వ్రాయును.

సామాన్య కెమెరాలో ఈ పలక సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉండును. పాత ఫిల్ము చట్రము 36 మిల్లీమీటర్లకు 24 మిల్లీమీటర్లు. అనగా మన కెమెరా కన్ను దానిలో ముప్పదవ వంతు. చిన్న దోసిలిలో కొద్ది నీరే పట్టునట్లు చిన్న పలకకు కొద్ది కాంతియే దొరకును. సామాన్య కెమెరా పగటి వెలుగులో ఖరీదైన కెమెరాతో ఇంచుమించు సరితూగి, రాత్రివేళ వెనుకబడుటకు ముఖ్య కారణమిదియే. కావున మొదటి సూత్రము: చిన్న కెమెరాకు వెలుతురే బలము.

మెగాపిక్సెళ్ళ లెక్క

పది లక్షల బిందువులను ఒక మెగాపిక్సెల్ అందురు. అచ్చువేసిన చిత్రము కంటికి స్పష్టముగా కనబడుటకు అంగుళమునకు 300 బిందువులు చాలును. 6 అంగుళములకు 4 అంగుళముల చిత్రమునకు 1800 x 1200, అనగా సుమారు 22 లక్షల బిందువులు కావలెను. 10 అంగుళములకు 8 అంగుళముల చిత్రమునకు 72 లక్షలు. కనుక ఏడెనిమిది మెగాపిక్సెళ్ళ కెమెరాతో మన వార్షిక సంచికకు నిండుపుట చిత్రము నిశ్చింతగా తీయవచ్చును. ఇంతకు మించిన సంఖ్యకై డబ్బు వెచ్చించుట అనవసరము.

కాని ఉన్న సంఖ్యను తగ్గించుకొనుట ప్రమాదకరము. నానా నోటుపుస్తకపు పుట పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. నేను పెట్టిన చిన్న పరిమాణములో పొడవునకు 640 బిందువులు మాత్రమే కలవు. అనగా మిల్లీమీటరుకు మూడు. కలముతో పెట్టిన చుక్క వెడల్పు అర మిల్లీమీటరు అనుకొన్నచో దానికి దక్కినవి ఒకటి రెండు బిందువులు. ఆపై చేయి కదలినచో ప్రక్క ప్రక్కనున్న చుక్కలు ఏకమగుటలో వింత లేదు. కెమెరాలో గల మిక్కిలి పెద్ద పరిమాణమును, మిక్కిలి మంచి నాణ్యతను ఎన్నుకొని, వాటిని ఎప్పుడును మార్చకుండుటయే క్షేమము. కార్డులో చోటు చాలకున్నచో మరియొక కార్డు కొనవలెను. కార్డు దొరకును, పుట దొరకదు.

కాంతిని అదుపు చేయు మూడు సాధనములు

చిత్రపు ప్రకాశమును మూడు విషయములు నిర్ణయించును. మొదటిది రంధ్రపు వెడల్పు. రెండవది శటరు తెరచియుండు కాలము. మూడవది సెన్సరు సంకేతమును హెచ్చించు కొలత, దీనినే ఐ.ఎస్.ఓ. అందురు. కుండలో నీరు పట్టుటతో దీనిని పోల్చవచ్చును. కొళాయిని ఎక్కువ త్రిప్పినను, ఎక్కువసేపు ఉంచినను కుండ నిండును. ఐ.ఎస్.ఓ. పెంచుట అనగా చిన్న కుండను నింపి నిండినదనుకొనుట వంటిది. పని జరుగును గాని దొరకిన నీరు తక్కువే.

ఐ.ఎస్.ఓ. 100 నుండి 200కు మార్చినచో సగము కాంతితో చిత్రము వచ్చును. 400కు మార్చినచో పాతిక వంతు చాలును. కాని సంఖ్య పెరిగిన కొలది చిత్రముపై ఇసుక చల్లినట్లు రంగురంగుల చుక్కలు తేలును. సామాన్య కెమెరాలో 400 దాటకుండ చూచుకొనుట మంచిది. ఆరుబయట ఎండలో 100 చాలును. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సుల వెలుతురు నిచ్చును. ట్యూబులైటు ఉన్న గదిలో అది కొన్ని వందల లక్సులకు మించదు. మన కన్ను తనంతట తాను సర్దుకొనుటచే ఇంతటి భేదము మనకు తెలియదు. కెమెరాకు తెలియును.

కదలని చేయి, కుదిరిన చూపు

మసకచిత్రములలో ఎక్కువ భాగము చేతి కదలికవలన కలుగునవే. శటరు కాలము సెకండులో ముప్పదవ వంతు కంటె ఎక్కువైనచో చేతితో పట్టుకొని తీయుట కష్టము. చాల కెమెరాలు అట్టి సమయమున వణకుచున్న చేతి గుర్తును తెరపై చూపి హెచ్చరించును. ఆ గుర్తును లెక్కచేయక మీట నొక్కరాదు.

మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, కాళ్ళను కొంచెము ఎడముగా ఉంచి, ఊపిరి సగము విడిచి నిలిపి, మీటను పొడిచినట్లు కాక పిండినట్లు నొక్కవలెను. గోడ, స్తంభము, కుర్చీ వీపు ఏది దొరకినను ఆనుకొనవచ్చును. కెమెరాను బల్లపై పెట్టి, తనంతట తాను రెండు సెకండ్ల తరువాత తీయు ఏర్పాటును వాడినచో వ్రేలి తాకిడి కూడ తగులదు. ముక్కాలిపీట లేనివారికి ఇదియే ముక్కాలిపీట.

మీటకు రెండు మెట్లు కలవు. సగము నొక్కినచో కెమెరా దూరమును, వెలుతురును సరిచూచుకొనును. తెరపై ఆకుపచ్చ గుర్తు నిలిచిన పిదప పూర్తిగా నొక్కవలెను. ఒక్కసారిగా నొక్కువారికి రెండు నష్టములు కలుగును. చూపు కుదురదు, పైగా యంత్రము ఆలోచించుకొనులోగా బహుమతి అందుకొనువాడు వేదిక దిగిపోవును. అతిథి లేచినప్పుడే మీటను సగము నొక్కి సిద్ధముగా ఉండువాడే చేతులు కలిసిన క్షణమును పట్టుకొనగలడు.

జూమ్ రెండు విధములు. కటకము ముందుకు జరుగుటవలన కలుగునది నిజమైన జూమ్. డిజిటల్ జూమ్ అనబడునది చిత్రపు అంచులను కత్తిరించి నడిమి భాగమును సాగదీయుట మాత్రమే. రెండు రెట్ల డిజిటల్ జూమ్‌తో మిగులునది పాతిక వంతు బిందువులు. దానిని కట్టివేసి, నాలుగు అడుగులు ముందుకు నడచుట మేలు.

తెల్లని కుర్తా, నల్లని షేర్వాణీ

కెమెరాలోని కొలబద్దకు ఒక గట్టి నమ్మకము కలదు. తాను చూచునదంతయు సగటున బూడిదవర్ణపు ప్రకాశము కలదని అది భావించును. తెల్లని కుర్తాలు ధరించిన విద్యార్థుల వరుసను తీసినచో, వెలుతురు మితిమీరినదని తలచి తగ్గించును. తెలుపు మాసినట్లగును. నల్లని షేర్వాణీనో బురఖానో తీసినచో, చీకటి అని తలచి వెలుతురు పెంచును. నలుపు వెలిసి, ముఖము సున్నము పూసినట్లగును.

ఈ భ్రమను తొలగించుటకు కెమెరాలో కూడిక, తీసివేత గుర్తులు గల ఒక మీట కలదు. తెలుపు ఎక్కువైనచో కూడిక వైపు ఒక మెట్టు, నలుపు ఎక్కువైనచో తీసివేత వైపు ఒక మెట్టు జరుపవలెను. ఒక మెట్టు అనగా కాంతి రెండింతలగుట, లేక సగమగుట. తెల్లకాగితమునకు కూడ ఇదే నియమము. కిటికీ ముందు నిలిచిన మనిషి ముఖము నల్లబడుటకు కారణము కూడ ఈ కొలబద్దయే. వారిని కిటికీకి ఎదురుగా త్రిప్పి నిలిపినచో ఏ మీటయు అక్కరలేదు.

ఫ్లాష్ సంగతి

దూరము రెండింతలైనచో వెలుతురు నాల్గవ వంతగునను నియమమును మన భౌతికశాస్త్ర విద్యార్థులు చదివియే యున్నారు. ఫ్లాష్ దానికి చక్కని ఉదాహరణము. సామాన్య కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్ల వరకే పనిచేయును. సభామందిరపు చివరి వరుసలో కూర్చుండి వేదికవైపు ఫ్లాష్ వేసినచో, ముందు వరుసవారి తలలు మాత్రము వెలిగి, వక్త చీకటిలో మునుగును. అట్టిచోట ఫ్లాష్ ఆపి, వేదిక దాపునకు పోయి, ఆనుకొని తీయవలెను.

ఫ్లాష్ నిజముగా ఉపయోగపడునది పట్టపగలు. చెట్టునీడలో గాని, ఎండకు వీపు చూపి గాని నిలిచినవారి ముఖముపై నీడ పడును. రెండు మూడు మీటర్ల దూరమునుండి ఫ్లాష్ వేసినచో ఆ నీడ తేలికపడును. గాజు, నున్నని కాగితము, చట్రము కట్టిన పాత పటము – వీటికి ఎదురుగా మాత్రము ఫ్లాష్ ఎన్నడును వేయరాదు. నా నలుబది పుటలకును తెల్లమచ్చ పడుటకు కారణమదియే.

వెలుతురునకు రంగు కూడ కలదు. పాతకాలపు బల్బు పసుపుగాను, కొన్ని ట్యూబులైట్లు ఆకుపచ్చ ఛాయగాను, నీడపట్టు నీలముగాను ఉండును. కెమెరాలో సూర్యుడు, మబ్బు, బల్బు, ట్యూబులైటు బొమ్మలతో ఇందుకు తగిన ఏర్పాటు కలదు. ఏ వెలుతురులో తీయుచున్నామో ఆ బొమ్మను ఎన్నుకొనవలెను. రెండు రకముల దీపములు కలిసిన చోట ఒకదానిని ఆర్పివేయుట ఉత్తమము.

పాత కాగితములను తీయు పద్ధతి

మన ఇండ్లలో నికానామాలు, దస్తావేజులు, జాబులు, పద్దుపుస్తకములు, పాత పటములు కలవు. వాటిలో ఉర్దూవి కొన్ని, తెలుగువి కొన్ని. ఉర్దూలో బే, పే, తే అను అక్షరములకు రూపమొక్కటే. బేకు దిగువ ఒక చుక్క, పేకు దిగువ మూడు, తేకు ఎగువ రెండు. తెలుగులో ధకారమునకు థకారమునకు గల భేదము లోపలి చుక్క మాత్రమే. చుక్క పోయినచో అక్షరము పోవును, అక్షరము పోయినచో పేరు పోవును. కనుక ఈ పనిలో క్రింది క్రమమును పాటింపవలెను.

1. పగటివేళ, ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన బల్ల వేసి, దానిపై మాసిన రంగు గుడ్డ పరచి కాగితమును ఉంచవలెను. ఎదుటి వైపున ఒక తెల్లని అట్టను నిలిపినచో ఆ వైపు నీడ తగ్గును.

2. ఫ్లాష్ ఆపివేసి, దగ్గరి వస్తువులను చూపు పువ్వు గుర్తును ఎన్నుకొనవలెను.

3. కెమెరా కాగితమునకు సరిగా పైన, సమాంతరముగా ఉండవలెను. కాగితపు నాలుగు అంచులును తెర అంచులకు సమముగా కనబడినచో కెమెరా వాలలేదని గ్రహింపవలెను. రెండు బొత్తుల పుస్తకములపై కెమెరాను ఆనించి తీయవచ్చును.

4. మడతలను బలవంతముగా విప్పరాదు. తడి చేయి, జిగురు, టేపు తగులనీయరాదు. చినిగినది చినిగినట్లే తీయవలెను.

5. ఉర్దూ పుస్తకమునకు మొదటి అట్ట కుడివైపు ఉండును. అటునుండియే ఆరంభించి, వ్రాతలేని పుటలను కూడ విడువక వరుసగా తీయవలెను. నడుమ ఒకటి విడిచినచో తరువాత వరుస తెలియదు.

6. మొదటి పుట పైన ఒక కొలబద్దను ఉంచి ఒక చిత్రము తీసినచో కాగితపు అసలు పరిమాణము రాబోవువారికి తెలియును.

7. ప్రతి పుటను తీసిన వెంటనే తెరపై పెద్దది చేసి, మిక్కిలి చిన్న చుక్క తెలియుచున్నదో లేదో చూడవలెను. చిన్న తెరపై మసకచిత్రము కూడ చక్కగా కనబడును. నన్ను మోసగించినది ఆ తెరయే. కంప్యూటరులో అన్ని పుటలను సరిచూచుకొన్న పిదపనే పుస్తకమును తిరిగి ఇవ్వవలెను.

మనుష్యులను తీయునప్పుడు

కాగితమునకు నోరు లేదు, మనిషికి కలదు. ఇజాజత్ అడుగకుండ ఎవరి చిత్రమును తీయరాదు. విద్యార్థినుల విషయమునను, ఇంటి స్త్రీల విషయమునను, ప్రార్థనలో నున్నవారి విషయమునను ఇది మరింత ముఖ్యము. వద్దన్నవారిని కారణము అడుగుట కూడ మర్యాద కాదు. ఒకసారి చేతినుండి చేతికి పోయిన చిత్రమును వెనుకకు పిలువలేము.

వృద్ధులను తీయునప్పుడు వారితో కొంతసేపు మాటలాడి, వారు కెమెరాను మరచిన పిదప తీయవలెను. మరీ దగ్గరకు పోయినచో ముక్కు పెద్దదిగా కనబడును. ఒకటిన్నర మీటర్ల దూరమున నిలిచి కొంచెము జూమ్ చేయుట మంచిది. తరగతి చిత్రమునకు మెట్లు అనుకూలము. ఉదయము పది గంటలలోపు, లేక సాయంత్రము నాలుగు దాటిన పిదప, ఎండ కంటిలో పడకుండ నిలిపి, వరుసగా నాలుగైదు చిత్రములు తీయవలెను. నలుబదిమందిలో ఎవరో ఒకరు కన్ను మూయకుండుట అరుదు.

తీసినదానిని దాచుట

చిత్రము తీయుట సగము పని, దానిని దాచుట తక్కిన సగము. కార్డులో వ్రాత జరుగుచున్నంతసేపు దీపము మినుకుమినుకుమనును. అది ఆరకముందు కార్డును గాని బ్యాటరీని గాని తీయరాదు. పొరపాటున చిత్రములు చెరిపివేసినచో వెంటనే ఆ కార్డుతో తీయుట మానవలెను. చెరిపినప్పుడు పోవునది సాధారణముగా విషయసూచిక వంటిది మాత్రమే. పైన క్రొత్త చిత్రము వ్రాయనంతవరకు పాతదానిని తగిన ప్రోగ్రాముతో వెలికితీయుటకు అవకాశము కలదు.

ఒకే చోట ఉన్న చిత్రము లేని చిత్రముతో సమానము. మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు రకముల సాధనములపై ఉండవలెను. అందొకటి వేరొక ఇంటిలో ఉండవలెను. వాట్సాప్‌లో పంపినదానిని ప్రతిగా భావించరాదు. అందు సాధారణముగా చిత్రపు పరిమాణము తగ్గిపోవును. పంపక తప్పనిచో చిత్రముగా కాక దస్త్రముగా పంపవలెను. కెమెరాలో తేదీ సరిగా ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. బ్యాటరీ చాలకాలము తీసియుంచినచో అది మారిపోవును. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అను మూడు సంగతులను ఆ దినమే వ్రాసి ఉంచవలెను. ముప్పది ఏండ్ల తరువాత పేరులేని ముఖము ఎవరికిని చెందదు.

యంత్రమును కూడ కాపాడవలెను. కటకముపై దుమ్మును ముందు గాలితో ఊది, పిమ్మట మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. చొక్కా అంచుతో రుద్దినచో ఇసుకరేణువు గీత గీయును. వర్షాకాలమున తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముతో మూసిన డబ్బాలో ఉంచినచో బూజు పట్టదు. చల్లని గదినుండి ఒక్కసారిగా బయటకు తెచ్చినచో కటకముపై ఆవిరి పేరును. దానిని తుడువక, పదినిమిషములు ఆగవలెను.

చివరి మాట

విద్యార్థినీ విద్యార్థులారా, రానున్న వేసవి సెలవులలో మీ ఇంటి పెట్టెలలోని కాగితములను పెద్దల అనుమతితో ఒక్కసారి చిత్రించి ఉంచుడు. ఉర్దూ చదువగలవారు తెలుగు మిత్రునికిని, తెలుగు చదువగలవారు ఉర్దూ మిత్రునికిని పేర్లు వ్రాయుటలో సాయపడుడు. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము ఒక్కటే. మన గ్రంథాలయములో ఇందుకొరకై ఒక హార్డ్ డిస్కును, దానికి జోడుగా వేరొక చోట మరియొకదానిని ఏర్పరచినచో, ఇచ్చువారి ఇష్టము మేరకు ఆ చిత్రములు అందు భద్రపడును. ఖర్చు స్వల్పము, ఫలము పెద్దది.

మామూజాన్ ఇప్పుడు లేరు. ఆ 85 రూపాయలు ఒక కవరులో మా ఇంటి బీరువాలో ఉన్నవి. నేటి ధరలకు తగినట్లు దానిని పెంచి ఇచ్చుటకు మేము సిద్ధము. ఇచ్చుటకు పేరు లేదు. ఒక్క పగలు ఆగి, కిటికీ ప్రక్కన కూర్చుండి, ఆ పుటను సరిగా తీసియున్నచో ఆ కవరు ఏనాడో చేరవలసిన ఇంటికి చేరియుండెడిది.